రిజిస్టరు ఒకరికి, తూము ఒకరికి

కళాశాల తెరుచుకోవడానికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. రెండు నెలలుగా మూతపడి ఉన్న రసాయనశాస్త్ర ప్రయోగశాల తాళం తీయగానే ముందుగా పలకరించింది వాసన. ఎక్కడో అమోనియా సీసా మూత వదులైంది. బర్నర్ల రబ్బరు గొట్టాలు వేసవి వేడికి పగుళ్లిచ్చాయి. బ్యూరెట్ల స్టాప్‌కాక్‌లు బిగుసుకుపోయి తిరగడం లేదు. సీసాల మీద అంటించిన పేర్లలో సగం ఆమ్లపు ఆవిరికి మాసిపోయాయి. విషవాయువులను బయటికి లాగవలసిన ఫ్యూమ్ హుడ్ ఫ్యాను రెండేళ్లుగా పనిచేయడం లేదు. గోడకు వేలాడుతున్న ఆవర్తన పట్టిక వెనుక బల్లి గుడ్లు పెట్టింది. 'రీఓపెనింగ్ నాటికి ల్యాబ్ అద్దంలా ఉండాలి' అని విభాగాధిపతి ఫోనులో చెప్పారు. ఎవరు చేయాలో, దేనితో చేయాలో చెప్పలేదు. చెప్పనక్కరలేదని ఆయన అభిప్రాయం.

నేను ఆ ప్రయోగశాలలో పద్నాలుగేళ్లుగా టెక్నీషియన్‌ని. ఏ కళాశాల అని అడగకండి. కోస్తా ఆంధ్రలో ఒక పట్టణంలోని డిగ్రీ కళాశాల అనుకుంటే చాలు. బీఎస్సీ చదివి, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా చేరాను. అధ్యాపకులకు వేసవి సెలవులుంటాయి, మాకుండవు. ఆ రెండు నెలలూ నన్ను పరీక్షల విభాగంలో జవాబుపత్రాల కట్టలు మోయడానికీ, ప్రవేశాల కౌంటరులో దరఖాస్తులు పేర్చడానికీ వాడుకుంటారు. జూన్ 30తో ఒప్పందం ముగుస్తుంది. జూలైలో నేను ఉంటానో ఉండనో చెప్పే జాబితా కళాశాల నుంచి ఏజెన్సీకి వెళ్లాలి. అంటే నేను ప్రయోగశాలను సిద్ధం చేసే రోజులూ, నా ఉద్యోగం ఊగిసలాడే రోజులూ ఏటా ఒకటే.

ఈ పని ఏమిటో బయటివారికి తెలియదు, లోపలివారికి పట్టదు. మొదటి సంవత్సరం విద్యార్థి బల్ల ముందు నిలబడేసరికి అతని ఎదుట సీసాలు వరుసగా ఉంటాయి. అవి వాటంతటవి పుట్టవు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సుమారు 12 నార్మల్ ఉంటుంది. దాని నుంచి 2 నార్మల్ ద్రావణం ఒక లీటరు కావాలంటే దాదాపు 167 మిల్లీలీటర్లు కొలిచి నీటిలో కలపాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లమైతే నీటిలోకి ఆమ్లాన్ని సన్నని ధారగా, కలియబెడుతూ పోయాలి. ఆమ్లంలోకి నీరు పోస్తే అది ఉడికి ముఖం మీదికి చిమ్ముతుంది. పొటాషియం పర్మాంగనేట్ ద్రావణాన్ని రాత్రంతా కదపకుండా ఉంచి, గాజు ఊలు గుండా వడపోసి, రంగు సీసాలో పోసి, వెలుతురు తగలకుండా దాచాలి. స్టార్చ్ ద్రావణం నిలవ ఉండదు కనుక ఎప్పటికప్పుడు కాచుకోవాలి. సిల్వర్ నైట్రేట్ తగిలిన వేలి మీద నల్లని మరక పై చర్మం ఊడిపోయేదాకా పోదు. నత్రికామ్లం తగిలితే పసుపు మరక. నా చేతులు చూసి, ఆ వారం నేను ఏ ద్రావణం తయారుచేశానో ఎవరైనా చెప్పవచ్చు.

అయితే ఈ తెలివిడి ఏ లెక్కలోనూ లేదు. విద్యార్థికి అంత్యబిందువు సరిగా వస్తే అధ్యాపకులు బాగా బోధించినట్టు, రాకపోతే నేను ద్రావణం సరిగా చేయనట్టు. గత విద్యాసంవత్సరంలో పర్మాంగనేట్ ప్రయోగంలో తరగతి మొత్తం ఫలితాలు ఒకే వైపుకు తప్పుతూ వచ్చాయి. మూడు రోజులు నన్ను మందలించారు. నాలుగో రోజున సీసా మీది సన్నని అక్షరాలు చదివి కారణం నేనే పట్టుకున్నాను. ప్రామాణిక ద్రావణానికి కావలసిన అత్యంత శుద్ధమైన ఆక్జాలిక్ ఆమ్లానికి బదులు చవక రకం కొన్నారు. కొనుగోలు కమిటీలో ఐదుగురున్నారు. రోజూ ఆ సీసా మూత తీసేవాడు అందులో లేడు. తప్పు ఎక్కడుందో తేలాక నన్ను మందలించినవారెవరూ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. నేనూ అడగలేదు. జూన్ 30 ఏటా వస్తుంది కదా.

మా విభాగంలో నాతోపాటు మరో టెక్నీషియన్ ఉన్నాడు. ఇద్దరం ఒకే నెలలో, ఒకే ఏజెన్సీ ద్వారా చేరాం. ఇద్దరిదీ అదే డిగ్రీ, అదే జీతం. రెగ్యులర్ ఉద్యోగి జీతంలో సగానికి తక్కువ. ఆయన అగ్రకులానికి చెందినవాడు, నేను మాదిగను. చేరిన మొదటి వారంలోనే ఎవరూ ఏ ఉత్తర్వూ ఇవ్వకుండా పని రెండుగా చీలిపోయింది. స్టాకు రిజిస్టరు, బీరువా తాళాలు, ఇండెంట్లు ఆయన దగ్గరికి వెళ్లాయి. సింకులు, విరిగిన గాజు, ఆమ్లపు డబ్బాలు, బల్లల తుడుపు నా దగ్గర మిగిలాయి. ఆయన పేరు చివర 'గారు' చేరింది. నా పేరులో రెండో సగం రాలిపోయి, ముందు 'ఏమయ్యా' చేరింది. ఇందులో ఆయన చేసిన కుట్రేమీ లేదు. మంచి మనిషి. నా కూతురికి జ్వరం వస్తే తన బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కానీ ఈ పంపకం అన్యాయమని పద్నాలుగేళ్లలో ఒక్కసారీ ఆయనకు తోచలేదు. మంచితనానికీ ఆ పంపకానికీ ఆయన మనసులో గొడవ లేదు. కులం బలమంతా అక్కడే ఉంది.

ఇక అసలు సంగతి. తాళం తీసిన మూడో రోజున కిటికీ పక్కనున్న పెద్ద సింకు పూడుకుపోయిందని బయటపడింది. నల్లని నీరు నిలిచిపోయింది. లవణ విశ్లేషణ చేసిన విద్యార్థులు ఏడాది పొడవునా పారబోసిన సల్ఫైడ్ అవక్షేపాలు, వడపోత కాగితాలు, పగిలిన పరీక్షనాళికల ముక్కలు కింది వంపు గొట్టంలో గడ్డకట్టాయి. విభాగాధిపతి వచ్చి చూశారు. నా సహోద్యోగి బీరువా దగ్గర రిజిస్టరు తెరిచి నిలబడి ఉన్నాడు. నేను సీసాలకు పేర్లు అంటిస్తున్నాను. ఆయన చూపు ఇద్దరి మీదుగా సాగి నా దగ్గర ఆగింది. 'కాస్త యాసిడ్ పోసి, చెయ్యి పెట్టి లాగెయ్' అన్నారు.

నేను మొదట మాట్లాడింది ఆత్మగౌరవం గురించి కాదు, రసాయనశాస్త్రం గురించే. 'సార్, అందులో సల్ఫైడ్లున్నాయి. ఆమ్లం పోస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. ఫ్యాను కూడా పనిచేయడం లేదు' అన్నాను. ఆ వాయువుకు కుళ్లిన గుడ్ల వాసన ఉంటుందని ఇంటర్మీడియట్ విద్యార్థికీ తెలుసు. మోతాదు పెరిగితే అది వాసన పసిగట్టే శక్తినే ముందు చంపేస్తుందనీ, వాసన పోయింది కదా అని నిబ్బరంగా ఊపిరి పీల్చినవాడు మళ్లీ లేవకపోవచ్చనీ తెలిసినవారు తక్కువ. మురుగు గుంతల్లోకి దిగిన కార్మికుల ప్రాణాలు తీసే వాయువుల్లో ఇదొకటి.

'నాకు కెమిస్ట్రీ నేర్పుతున్నావా?' అన్నారాయన. ఆ తర్వాత, కోపంగా కాదు, మామూలుగా, దాదాపు ఆప్యాయంగా అన్నారు: 'ఏముందయ్యా, మీకు అలవాటే కదా.'

మీకు. పద్నాలుగేళ్లుగా నన్ను ఏకవచనంలో పిలిచిన మనిషి నన్ను ఒక్కసారిగా బహువచనంలోకి మార్చారు. అది గౌరవ బహువచనం కాదని తెలుగు తెలిసిన ఎవరికీ వివరించనక్కరలేదు. ఆ ఒక్క మాటలో నేను, నా తండ్రి, నా తాత, మా పేట అంతా చేరిపోయాం. నా డిగ్రీ అందులో లేదు. నేను అప్పుడే చెప్పిన సల్ఫైడ్ సంగతీ లేదు. గదిలో ఎవరూ ఏమీ అనలేదు. రిజిస్టరులో పేజీ తిప్పిన చప్పుడు మాత్రం వినిపించింది.

అలవాటే. ఆ మాట అబద్ధమని నేను అనను. మా తాతకు ఊరి చివర లంద ఉండేది. పచ్చి తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుక ఊడే అదను చూసి తీసి, గీకి, కడిగి, తంగేడు చెక్క రసంలో ఊరవేసేవాడు. తోలును సంచిలా కుట్టి, అందులో ఆ రసం నింపి వేలాడదీసేవాడు. సున్నం ఘాటు ఎక్కువైతే తోలు చెడుతుంది, తక్కువైతే వెంట్రుక రాదు. వేలితో తాకి ఆ ఘాటు చెప్పగలిగేవాడు. సున్నపు నీరంటే కాల్షియం హైడ్రాక్సైడ్ ద్రావణమని, తంగేడు చెక్కలోని టానిన్లు చర్మంలోని కొల్లాజెన్‌తో బంధం ఏర్పరచుకోవడం వల్లే తోలు కుళ్లకుండా నిలుస్తుందని నేను డిగ్రీలో చదువుకున్నాను. పరీక్షలో అది రాస్తే మార్కులు వచ్చాయి. అదే పని చేసిన మా తాతను ఊరు ఊళ్లోకి రానివ్వలేదు. ఆయన చేసింది రసాయనశాస్త్రమే. మాకు అలవాటైంది కంపు కాదు, ఆ శాస్త్రం. కంపును మాత్రమే గుర్తుపెట్టుకుని శాస్త్రాన్ని మరిచిపోవడం మిగిలిన సమాజానికి అలవాటు.

ఈ మాట నేను కొత్తగా చెప్పడం లేదు. ఆధునిక భారత రసాయనశాస్త్రానికి ఆద్యుడైన ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ 1902, 1909 సంవత్సరాల్లో రెండు సంపుటాలుగా ప్రచురించిన 'హిందూ రసాయనశాస్త్ర చరిత్ర'లో ఈ దేశంలో ప్రయోగాత్మక విజ్ఞానం ఎందుకు క్షీణించిందో చర్చించారు. ఆయన చూపిన ప్రధాన కారణాల్లో కులవ్యవస్థ ఒకటి. చేతి పనులు, వృత్తి కళలు కింది కులాలకు వదిలేసి మేధావి వర్గం వాటికి దూరమైంది. శవాన్ని తాకడం మైల అయ్యాక శస్త్రవిద్య క్షీణించింది. పదార్థాన్ని తాకేవాడికి ప్రశ్నించే అవకాశం లేకుండా పోయింది. ప్రశ్నించగలిగేవాడు పదార్థాన్ని తాకకుండా పోయాడు. ఆయన వాదన సారాంశం ఇది. నూట ఇరవై ఏళ్ల కిందట ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడు రాసిన ఈ రోగనిర్ధారణ, ఇవాళ్టి రసాయనశాస్త్ర విభాగంలో ఒక సింకు దగ్గర అక్షరాలా నిలబడి ఉంది. సల్ఫైడ్ సంగతి తెలిసిన చేతికి మాట లేదు. మాట ఉన్న నోటికి ఆ తూములో ఏముందో పట్టలేదు.

'పని ఏదైనా పనే కదా, ఇందులో చిన్నతనమేముంది?' అని నన్ను ఓదార్చినవారున్నారు. వారికి ఒక ఉదాహరణ గుర్తుచేస్తాను. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆధునిక వైద్యానికి ఎంత చేశారో తెలుగువారందరూ గర్వంగా చెప్పుకుంటారు. రక్తంలో భాస్వరాన్ని లెక్కగట్టడానికి సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన రూపొందించిన పద్ధతి ప్రయోగశాలల్లో వారిద్దరి పేర్లతోనే నిలిచింది. అమెరికాకు వెళ్లిన తొలి రోజుల్లో ఆయన బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసి పొట్టపోసుకున్నారని ఆయన జీవిత కథలు చెబుతాయి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆ మహనీయుని కష్టాన్ని నేనూ చేతులెత్తి గౌరవిస్తాను. కానీ గమనించండి. అక్కడ ఆ పని ఒక మెట్టు. దాని మీద అడుగుపెట్టి పైకి వెళ్లారు. చరిత్ర దాన్ని త్యాగంగా రాసుకుంది. ఇక్కడ అదే పని మాకు గోడ. ఆ పాత్రలు కడిగినందుకు 'మీకు అలవాటే' అని సుబ్బారావుగారితో ఎవరూ అనలేదు. పనిలో చిన్నతనం లేదు. ఆ పనికి ముందే మనిషిని కేటాయించడంలో ఉంది. అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో పనుల విభజనకూ, పనిచేసే మనుషులను అంతరాలుగా విడగొట్టడానికీ మధ్య తేడా చూపించింది ఇందుకే.

టెక్నీషియన్ అనే పదం వినగానే నాకు గుర్తొచ్చే మరో మనిషి వివియన్ థామస్. ఆయన అమెరికాలోని నల్లజాతీయుడు. డబ్బులేక వైద్యవిద్య ఆశ వదులుకుని, 1930లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ అనే శస్త్రవైద్యుడి ప్రయోగశాలలో చేరాడు. పరిశోధన చేస్తున్నా, జీతాల పట్టికలో మాత్రం ఆయనను ఊడ్చి తుడిచే పనివాడిగా నమోదు చేశారు. గుండె లోపంతో నీలిరంగుకు మారే పసిపిల్లలను బతికించే శస్త్రచికిత్స పద్ధతికి జాన్స్ హాప్కిన్స్‌లో కుక్కల మీద ప్రయోగాలు చేసి రూపమిచ్చింది ఆయన చేతులే. 1944 నవంబరు 29న ఆ చికిత్స తొలిసారి ఒక పసిపాపకు జరిగినప్పుడు, ఆయన బ్లాలాక్ భుజం వెనుక ఎత్తు పీట మీద నిలబడి ఎక్కడ ఎలా కుట్టాలో చెబుతూ వచ్చాడు. చికిత్సకు పేరు పెట్టినప్పుడు అందులో థామస్ పేరు లేదు. 1976లో అదే విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఇటీవలి కాలంలో ఆ చికిత్స పేరులో ఆయన పేరునూ చేర్చి పలుకుతున్నవారు పెరిగారు. నేను అంతటివాడిని కాను, అలాంటి పనీ చేయలేదు. అయినా ఆ జీతాల పట్టికలోని అబద్ధం నాకు బాగా తెలుసు. మా కళాశాలలోనూ పట్టికలో ఒక హోదా ఉంటుంది, కళ్లలో మరొకటి ఉంటుంది. ఆయనకు పట్టిక అబద్ధమాడింది. నాకు కళ్లు అబద్ధమాడుతున్నాయి.

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం నాకు సుఖంగా ఉంటుంది. కానీ ఒక నిజం దాచి మిగిలినవి చెప్పడం సరికాదు.

అంతకుముందు ఏటా ఆ తూము తీసింది నేను కాదు. మా కళాశాలలో పార్ట్‌టైం పారిశుద్ధ్య కార్మికురాలు ఒకామె ఉండేది. రెల్లి కులస్థురాలు. వయసులో నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. నేను 'అక్కా' అని పిలిచేవాడిని, ఆమె నన్ను 'సారూ' అనేది. ఏటా జూన్‌లో ఆ సింకు పూడుకుపోయినప్పుడు నేనే ఆమెకు కబురు పెట్టేవాడిని. చీర కొంగు ముక్కుకు కట్టుకుని, వట్టి చేతులతో ఆ బురద తోడేది. ఒకసారి గాజు ముక్క దిగి వేలు తెగింది. నేనే పసుపు పెట్టి గుడ్డ కట్టాను. చేతి తొడుగులు కొనిపించాలన్న ఆలోచన నాకు రాలేదు. సల్ఫైడ్ సంగతి అప్పుడూ నాకు తెలుసు. మరుసటి ఏడాది ఆమె కాస్త వెనకాడితే నేనన్న మాట ఇంకా చెవిలో ఉంది: 'నీకు అలవాటే కదక్కా.'

నిరుడు ఆమెను మాన్పించారు. ఆ స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. నిచ్చెనలో కింది మెట్టు విరిగితే, తర్వాతి బరువు దాని పైమెట్టు మీద పడుతుంది. ఆ రోజు సింకు దగ్గర నా మీద పడిన మాట, నేను కిందికి విసిరిన మాటే. విభాగాధిపతి నోట అది విన్నప్పుడు నాకు కలిగిన బాధలో సగం అవమానం, సగం సిగ్గు. అంతరాల నిచ్చెన ఇలాగే నిలబడుతుంది. ప్రతివాడికీ పైనున్న పాదం కనబడుతుంది, తన కింద ఉన్న తల కనబడదు. ఈ వ్యాసం రాయడానికి నాకు హక్కు ఉందంటే, ఆ మాట ముందుగా ఒప్పుకున్నాకే.

చట్టం ఏమంటుందో చూద్దాం. రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది. దాని అమలు కోసం 1955లో వచ్చిన అస్పృశ్యత నేరాల చట్టాన్ని 1976లో సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చినప్పుడు అందులో 7ఎ అనే సెక్షన్ చేర్చారు. అస్పృశ్యత ప్రాతిపదికన ఎవరినైనా పాకీ పని, ఊడ్చే పని, కళేబరాలు తొలగించే పని, చర్మం ఒలిచే పని లేదా అలాంటి మరే పనైనా చేయమని బలవంతపెడితే, అది అస్పృశ్యతను అమలుచేయడమేనని ఆ సెక్షన్ చెబుతుంది. సామాజిక, ఆర్థిక బహిష్కరణ బెదిరింపు కూడా బలవంతమే అంటుంది. చదివితే కడుపు నిండుతుంది. కానీ మా గదిలో ఎవరు కులం పేరెత్తారు? ఎవరు బెదిరించారు? 'అలవాటు' అన్నారు, అంతే. ఒప్పందం పొడిగింపు గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడనక్కరలేదు, జూన్ 30 మాట్లాడుతుంది. మానవ మలాన్ని చేతులతో ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల ప్రమాదకర శుభ్రత గురించి చెబుతుంది. ప్రయోగశాల సింకు తూమును పట్టించుకోదు. తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లో జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది. మేం ఆ మాట ఎత్తితే 'మీరు మా మనుషులు కారు, ఏజెన్సీ మనుషులు' అంటారు. సింకు దగ్గర నిలబడ్డప్పుడు మాత్రం మేం కళాశాల మనుషులమే.

నేను ఆ తూములో చెయ్యి పెట్టలేదు. ఆ సాయంత్రం ప్రిన్సిపాలుకు ఒక కాగితం రాసి ఇచ్చాను. మూడే విషయాలు. తూములో సల్ఫైడ్ వ్యర్థాలున్నాయి కనుక ఆమ్లం పోయడం ప్రమాదకరం. గాజు ముక్కలున్నాయి కనుక చేతితో తీయకూడదు. ఇది నా హోదాకు చెందిన పని కాదు కనుక ప్లంబరును పిలిపించండి. 'ఇంత చిన్న విషయానికి రాతపూర్వకంగానా?' అని ఆమె ఆశ్చర్యపోయారు. చిన్న విషయమైతే పద్నాలుగేళ్లుగా ఎందుకు తేలలేదని అడగాలనిపించింది, అడగలేదు. మరుసటి రోజు ప్లంబరు వచ్చాడు. కిటికీలన్నీ తెరిపించాం. మందపాటి తొడుగులు వేసుకుని, కింద బకెట్టు పెట్టి, వంపు గొట్టాన్ని విప్పి, మొత్తం బయట పెట్టి, కొత్త జాలీ బిగించి వెళ్లాడు. నలభై నిమిషాలు పట్టింది. ఏడు వందలు తీసుకున్నాడు. ఏటా ఒక మనిషి గౌరవాన్ని, బహుశా ప్రాణాన్ని, పణంగా పెట్టి ఈ కళాశాల ఆదా చేసుకుంది ఏడు వందల రూపాయలు.

ఆ తర్వాత విభాగాధిపతి నాతో మాట్లాడటం మానేశారు. ఏం కావాలన్నా నా సహోద్యోగి ద్వారా చెప్పిస్తున్నారు. టీ సమయంలో నా కోసం విడిగా ఉంచే గాజు గ్లాసు ఈసారి నా బల్ల మీదికి రాలేదు. అది విడి గ్లాసని ఇన్నేళ్లూ నాకు తెలుసు, తెలియనట్టుండేవాడిని. సహోద్యోగి మాత్రం నిన్న సాయంత్రం రిజిస్టరు మూసి, కాసేపు తటపటాయించి, 'బ్యూరెట్లు నేనూ కడుగుతాను, ఇటివ్వు' అన్నాడు. పాతిక బ్యూరెట్లు ఇద్దరం కలిసి కడిగాం. ఏమీ మాట్లాడుకోలేదు. పద్నాలుగేళ్లలో ఆయన చేతికి సబ్బు నురగ అంటడం నేను చూడటం అదే మొదటిసారి. ఆయనకది అలవాటు లేని పని, రెండు పగలగొట్టాడు. ఆ పగిలిన లెక్క రిజిస్టరులో తన పేరు మీదే రాసుకున్నాడు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రతి కళాశాలలో ప్రయోగశాల సిబ్బందికి రాతపూర్వకమైన విధుల పట్టిక ఉండాలి. రిజిస్టరూ సింకూ ఇద్దరి మధ్య వంతులవారీగా తిరగాలి. ప్రయోగశాల వ్యర్థాలను సింకులో పోయకుండా వేరు చేసే డబ్బాలు, చేతి తొడుగులు, పనిచేసే ఫ్యాను ఉండాలి. కొనుగోలు కమిటీలో సీసా మూత తీసేవాడికీ ఒక కుర్చీ ఉండాలి. కళాశాలల్లోని ఎస్సీ, ఎస్టీ విభాగాలు ఏజెన్సీ సిబ్బంది ఫిర్యాదులనూ స్వీకరించాలి. అన్నిటికన్నా ముందు, మాన్పించిన ఆ అక్కను తిరిగి తీసుకోవాలి. వట్టి చేతులతో తూము తోడడానికి కాదు, తొడుగులతో, పూర్తి జీతంతో, 'గారు' అనే పిలుపుతో.

ఇవన్నీ డబ్బుతోనో ఉత్తర్వులతోనో అయ్యే పనులు. ఉత్తర్వుతో కానిది ఒకటుంది. మా దగ్గరికి వచ్చే విద్యార్థుల్లో చాలామంది తమ ఇంట్లో డిగ్రీ చదువుతున్న మొదటి తరం. పొలం నుంచి, పేట నుంచి, తండా నుంచి వస్తారు. మొదటి ప్రాక్టికల్ రోజున ప్రయోగం అయిపోగానే మురికి నాళికలు బల్ల మీదే వదిలేసి వెళ్లడం వారికి ఎవరో నేర్పుతారు. కడిగేవాడు వేరే ఉన్నాడని నేర్పుతారు. చదువు అంటే కడగకుండా వెళ్లగలగడమేనని వాళ్లకు మొదటి పాఠం అక్కడే అందుతుంది. నిజానికి శాస్త్రం చెప్పేది దీనికి విరుద్ధం. నాళికను తానే కడిగినవాడికే అందులో ఏమీ మిగల్లేదని తెలుస్తుంది. పాత్ర శుభ్రత మీద నమ్మకం లేకపోతే ఫలితం మీద నమ్మకం ఉండదు. కడగడం ప్రయోగానికి ముందూ వెనకా చేసే ఊడిగం కాదు, ప్రయోగంలో భాగం.

అందుకే కళాశాల తెరిచే రోజున, జాబితాలో నా పేరు ఉన్నా లేకున్నా, ఉదయం తొమ్మిదింటికి ముందే వెళ్లి ప్రయోగశాల నల్లబల్ల మీద ఒక నియమం రాసి వస్తాను. వాడినవారే కడగాలి. అధ్యాపకులకూ, విద్యార్థులకూ, నా సహోద్యోగికీ, నాకూ అదే నియమం. ఆ మాట కింద సంతకం ఉండదు. ఎవరు రాశారని అడిగితే మాత్రం చెబుతాను.